నలుగురు కలిసి ఒక లెక్క



1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ నగరంలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే యువకుడు లెక్కల శాఖలో చదువుకుంటూ జూనియర్లకు పాఠం కూడా చెప్పేవాడు. ఇంజనీరింగుకైనా సైన్సుకైనా అక్కడ మొదటి ఏడాది కాలిక్యులస్ దాటాల్సిందే. నల్లజాతి విద్యార్థులు చాలామంది ఆ కాలిక్యులస్ దగ్గరే ఆగిపోతున్నారు. చైనా మూలాలున్న విద్యార్థులు బాగా రాస్తున్నారు. ఎందుకిలా జరుగుతోందని ట్రైస్‌మన్ అధ్యాపకులను అడిగాడు. వాళ్ళకు పట్టుదల లేదన్నారు కొందరు. హైస్కూల్లో పునాది సరిగా పడలేదన్నారు ఇంకొందరు. ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదన్నారు, పేదరికమన్నారు.

ట్రైస్‌మన్ ఆ మాటలు విని ఊరుకోలేదు. ఇరవైమంది నల్లజాతి విద్యార్థులను, ఇరవైమంది చైనీస్ విద్యార్థులను ఎంచుకుని, వాళ్ళు ఎక్కడ చదువుతున్నారో, ఎవరితో చదువుతున్నారో, ఎలా చదువుతున్నారో నెలల తరబడి దగ్గరుండి చూశాడు. అధ్యాపకులు చెప్పిన కారణాలు ఒక్కటీ నిలవలేదు. ఆ నల్లజాతి పిల్లల్లో చాలామంది తమ స్కూళ్ళలో ముందు వరసలో ఉండి వచ్చినవాళ్ళే. వాళ్ళ తల్లిదండ్రులు పిల్లల చదువు మీదే ఆశలన్నీ పెట్టుకున్నవాళ్ళే. వాళ్ళు గంటలు తక్కువ పెట్టి చదువుతున్నారనడానికీ లేదు, టీచర్లు చెప్పినంతసేపూ చదువుతున్నారు. కానీ దాదాపు అందరూ ఒంటరిగా చదువుతున్నారు. గది తలుపేసుకుని కూర్చుంటారు. లెక్క రాకపోతే తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. పక్క గదిలో కుర్రాడు కూడా అదే లెక్క దగ్గర అలాగే ఆగిపోయాడని వాళ్ళకు తెలియదు.

చైనీస్ విద్యార్థులు కూడా ముందు ఎవరికి వాళ్ళే చదువుతారు. ఆ తర్వాత సాయంత్రం కలుస్తారు. జవాబులు సరిచూసుకుంటారు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుంటారు. ఒకరు రాసిన ఇంగ్లీషు ఇంకొకరు దిద్దుతారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే, లెక్కే కష్టమైందని వాళ్ళకు తెలిసిపోతుంది. అందరికీ వచ్చి తనకొక్కడికే రాకపోతే, తాను ఎక్కడ వెనకబడ్డాడో ఆ రాత్రే తెలుస్తుంది, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు.

ఈ పరిశీలనలో నన్ను ఎక్కువగా పట్టుకున్న విషయం ఒకటుంది. ఆ నల్లజాతి పిల్లలను యూనివర్సిటీ దాకా తెచ్చింది ఆ ఒంటరి చదువే. చుట్టూ ఉన్నవాళ్ళు చదవని చోట, వాళ్ళకు దూరంగా జరిగి, తమను తామే నమ్ముకుని చదివారు కనుకనే గెలిచారు. పైకి తెచ్చిన ఆ అలవాటే పైకి వచ్చాక వాళ్ళను పడేసింది.

మన తెలుగు పిల్లల సంగతి ఇక్కడే గుర్తుకొస్తుంది. ఇంటర్మీడియట్ రెండేళ్ళు మనం వాళ్ళకు నేర్పేదేమిటి? తెల్లవారుజామున లేవడం, స్టడీ అవర్లో తల వంచుకుని కూర్చోవడం, పక్కవాడితో మాట్లాడకపోవడం. వారం వారం పరీక్ష, పరీక్ష పరీక్షకూ ర్యాంకు. పక్క బెంచీలో ఉన్నవాడు ర్యాంకుల పట్టికలో మనకు పైనో కిందో ఉండే పేరు మాత్రమే. వాడికి ఒక లెక్క చెప్తే మన ర్యాంకు ఒకటి కిందికి జారుతుందేమోనన్న భయం. అలా రెండేళ్ళు గడిపి ఎంట్రన్స్ రాసి ఇంజనీరింగులో చేరిన పిల్లవాణ్ణి, మొదటి సెమిస్టరులోనే నలుగురితో కలిసి పనిచేయమంటాం. పనిచేసే పద్ధతి మాత్రం ఎవరూ చెప్పరు.

కలిసి చదవడం మన పిల్లలకు బొత్తిగా తెలియదని నేననను. హాస్టళ్ళలో కంబైన్డ్ స్టడీ ఎప్పటినుంచో ఉంది. పరీక్షకు ముందురోజు రాత్రి ఒక గదిలో సబ్జెక్టు కాస్త పట్టుబడ్డ కుర్రాడు కూర్చుంటాడు, చుట్టూ ఆరేడుగురు చేరతారు. "మామా, ఆ మూడో యూనిట్ ఒక్కటీ చెప్పరా" అంటారు. ఆ గది పుణ్యాన బ్యాక్‌లాగ్ తప్పించుకున్నవాళ్ళు ఎందరో. ఆ రాత్రి ఎక్కువ లాభపడేది కూడా చెప్పిన కుర్రాడే, చెబుతుంటేనే తనకు ఎక్కడ తడబాటు ఉందో బయటపడుతుంది కనుక. అయితే ఆ గది అందరిదీ కాదు. కాలేజీ బస్సులో ఇంటికి పోయే డేస్కాలర్ అందులో ఉండడు. ఎవరితోనూ ఇంకా కలవని, ఇంగ్లీషులో అడగడానికి బెరుకుపడే తెలుగు మీడియం పిల్లవాడు తలుపు దాకా వచ్చి వెనక్కి పోతాడు. పైగా అది ఆఖరి రాత్రి. ఆ గదిలో జరిగే పని సెమిస్టరు మొదటి వారం నుంచే, అందరికీ, పగటిపూట, అధ్యాపకుడి అండతో జరగాలని నా వాదన.

ట్రైస్‌మన్ చేసింది అదే. బర్క్‌లీలో ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. వెనకబడ్డవాళ్ళకు పెట్టే అదనపు క్లాసుగా కాదు, బాగా చదవాలనుకునే వాళ్ళు చేరే గౌరవప్రదమైన కార్యక్రమంగా. అందులో పాఠం మళ్ళీ చెప్పడం ఉండదు. క్లాసులో ఇచ్చే వాటికంటే కష్టమైన లెక్కలు ఇస్తారు. చిన్న చిన్న గుంపులుగా కూర్చుని చేస్తారు, అధ్యాపకుడు బల్లల మధ్య తిరుగుతుంటాడు. వర్క్‌షాప్‌కి వచ్చిన నల్లజాతి విద్యార్థుల్లో ఫెయిలయ్యేవాళ్ళు బాగా తగ్గారు. మంచి గ్రేడులు తెచ్చుకునేవాళ్ళు పెరిగారు. ఆ పద్ధతిని తర్వాత ఎన్నో విశ్వవిద్యాలయాలు తీసుకున్నాయి. వెనకబడ్డారని ముద్ర వేసి పెట్టే రెమీడియల్ క్లాసులు మన కాలేజీల్లో చాలా ఉన్నాయి. ఆ క్లాసుకు వెళ్ళే పిల్లవాడు తల దించుకునే వెళ్తాడు. తేలిక లెక్కలిచ్చి జాలి చూపించే బదులు, కష్టమైన లెక్క ఇచ్చి తోడు ఇవ్వాలన్నది ట్రైస్‌మన్ ఆలోచన. అది మనకు నేరుగా పనికొస్తుంది.

నలుగురిని ఒకచోట కూర్చోబెడితే చాలు, నేర్చుకుంటారని మాత్రం అనుకోకండి. దీనికి సంబంధించిన పాత ప్రయోగం ఒకటుంది, చేసిందీ ఒక ఇంజనీరే. ఫ్రాన్సులో మాక్స్ రింగెల్‌మన్ అనే వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి, వాళ్ళు ఎంత బలం పెడుతున్నారో కొలిచాడు. ఆ ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఒక్కడే లాగినప్పుడు పెట్టే బలం నూరు పాళ్ళు అనుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు మనిషికి 93 పాళ్ళే వచ్చింది. ముగ్గురైతే 85. ఎనిమిదిమంది కలిసి లాగితే మనిషికి 49. సగానికి సగం పోయింది. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం ఇందులో కొంత కారణం. ఎవరో ఒకరు లాగుతారులే అన్న ధీమా ఇంకొంత. 1970ల్లో, 80ల్లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు చప్పట్లు కొట్టించి, అరిపించి మళ్ళీ పరీక్షించారు. ఎవరెంత అరిచారో విడిగా కొలుస్తున్నారని తెలిసినప్పుడు ఆ సోమరితనం కనిపించలేదు.

మన ఫైనలియర్ ప్రాజెక్టు బ్యాచ్‌ని దీని పక్కన పెట్టి చూడండి. రోల్ నంబర్ల వరసలో నలుగురిని ఒక బ్యాచ్ చేస్తారు. కోడ్ ఒకడు రాస్తాడు. రిపోర్టు ఒకమ్మాయి టైపు చేస్తుంది. ఇంకొకడు స్పైరల్ బైండింగ్ చేయించుకొస్తాడు. నాలుగోవాడు వైవా రోజున కనిపిస్తాడు. మార్కులు నలుగురికీ దాదాపు ఒకటే. కొన్నిచోట్ల ప్రాజెక్టు బయట కొనుక్కుని వస్తారని అందరికీ తెలుసు. ఇందులో పిల్లలనే తప్పుపట్టడం న్యాయం కాదు. ఎవరెంత చేశారో ఎవరూ చూడని పని అప్పగించాం, దానికి తగ్గట్టే వాళ్ళు చేశారు. ల్యాబ్ రికార్డు ఒకరిది చూసి ఒకరు దించేయడం, అసైన్‌మెంట్ పీడీఎఫ్‌ను ముందురోజు రాత్రి వాట్సాప్‌లో పంపుకోవడం కూడా పైకి కలిసి చదువుకున్నట్టే ఉంటుంది. అక్కడ చేతులు మారేది జవాబే, ఆలోచన కాదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు జీవితమంతా కలిసి నేర్చుకోవడం మీదే పనిచేశారు. వాళ్ళ పనిని ఇంజనీరింగ్ క్లాసుల్లోకి తెచ్చినవారిలో అదే విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ స్మిత్ ముఖ్యుడు. నార్త్ కరొలైనాలో కెమికల్ ఇంజనీరింగ్ చెప్పిన రిచర్డ్ ఫెల్డర్ దాన్ని రోజువారీ క్లాసులో ఎలా నడపాలో వివరంగా రాశాడు. వాళ్ళు చెప్పినదాన్ని మన మాటల్లో చెప్తాను. జట్టుకు ఇచ్చే పని ఒక్కడే పూర్తిచేయలేనిదై ఉండాలి. అది ఎలా జరిగిందో చెప్పగలగాల్సింది మాత్రం ప్రతి ఒక్కడూ. జట్టు లెక్క పూర్తిచేశాక అధ్యాపకుడు వచ్చి, నలుగురిలో తనకు తోచినవాణ్ణి లేపి "బోర్డు దగ్గరికి వచ్చి చెప్పు బాబూ" అనాలి. వాడు చెప్పినదాన్ని బట్టే నలుగురికీ మార్కు. ఇలా ఒక్క వారం నడిపి చూడండి. తెలిసినవాడు తెలియనివాణ్ణి వదిలిపెట్టడు, తెలియనివాడు ఊరికే తలూపడు.

జట్లను పిల్లలకు వదిలేయకుండా అధ్యాపకుడే కట్టాలని ఫెల్డర్ గట్టిగా చెప్తాడు. ముగ్గురో నలుగురో చాలు. బాగా చదివేవాళ్ళు, నెమ్మదిగా చదివేవాళ్ళు కలిసి ఉండాలి. మన దగ్గర దీని అవసరం ఇంకా ఎక్కువ. వదిలేస్తే ఒకే ఊరివాళ్ళు, ఒకే ఇంటర్ కాలేజీవాళ్ళు, ఒకే మీడియంవాళ్ళు, అవును, ఒకే కులంవాళ్ళు కూడా ఒకచోట చేరతారు. ఎవరికీ చెందని పిల్లలు నలుగురు మిగిలిపోతారు, వాళ్ళదొక జట్టు అవుతుంది. మొదటి సంవత్సరంలోనే ఆ గీతలు పడితే నాలుగేళ్ళూ చెరగవు.

అమ్మాయిల విషయంలోనూ ఫెల్డర్ ఒక జాగ్రత్త చెప్పాడు. మొదటి రెండేళ్ళలోనైనా జట్టులో అబ్బాయిల మధ్య అమ్మాయి ఒక్కతే ఉండేలా చేయవద్దని. మెకానికల్, సివిల్ బ్రాంచీల్లో చెప్పేవారు ఇది ఆలోచించాలి. ఆ ఒక్క అమ్మాయికి అప్పగించే పని మనందరికీ తెలుసు: రిపోర్టు టైపు చేయడం, ప్రెజెంటేషన్ స్లైడ్లు చేయడం, తేదీలు గుర్తుచేయడం. లేత్ మెషీన్ మీద చేయి పెట్టేది, సర్క్యూట్ కలిపేది, కోడ్ రాసేది అబ్బాయిలు. నాలుగేళ్ళ తర్వాత కంపెనీ ఇంటర్వ్యూలో ఆ అమ్మాయికి తెలియనిది ఏదైనా ఉంటే, అది మనం చేయనివ్వక తెలియకుండా పోయింది. అందుకని వారం వారం పనులు మారాలి. ఈ వారం లెక్క నడిపించినవాళ్ళు వచ్చేవారం తప్పులు వెతకాలి, రాసినవాళ్ళు పరికరం పట్టుకోవాలి.

ఇక క్లాసులో అరవైమంది ఉన్నప్పుడు ఇదంతా ఎలా కుదురుతుందని అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు అంతకంటే పెద్ద క్లాసులోనే దీనికి దారి కనిపెట్టాడు. ఆయన మంచి వక్త, విద్యార్థులు ఆయన పాఠాలను మెచ్చుకునేవారు. కష్టమైన లెక్కలు కూడా చేసేవారు. కానీ బలం గురించి, చలనం గురించి మామూలు మాటల్లో ప్రశ్న వేస్తే తడబడ్డారు. ఒకరోజు ఒక ప్రశ్నను ఆయన ఎన్ని రకాలుగా వివరించినా క్లాసుకు ఎక్కలేదు. విసిగిపోయి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడు. హాలంతా గోల. కొద్ది నిమిషాల్లో అర్థం కానివాళ్ళకు పక్కవాళ్ళే అర్థం చేయించేశారు. 1991 నుంచి ఆయన దాన్నే బోధన పద్ధతిగా చేసుకున్నాడు.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో మన క్లాసులోనే ఒక ఉదాహరణతో చెప్తాను. ఒక బ్యాటరీకి రెండు ఒకేలాంటి బల్బులు సిరీస్‌లో కలిపాం, రెండూ వెలుగుతున్నాయి. ఇప్పుడు రెండో బల్బు రెండు కొసలనూ ఒక రాగితీగతో కలిపేశాం. రెండో బల్బు ఆరిపోతుంది. మరి మొదటి బల్బు ఏమవుతుంది? తగ్గుతుందా, అలాగే ఉంటుందా, పెరుగుతుందా? కిర్కాఫ్ సూత్రాలు రాసి పేజీ నిండా సమీకరణాలు సాధించే పిల్లలు కూడా ఇక్కడ ఆగుతారు. ముందు ఎవరికి వాళ్ళు ఆలోచించి, చేతిలోని కార్డు పైకెత్తి జవాబు చెప్పాలి. నోరు విప్పకూడదు. ఆ తర్వాత వేరే జవాబు చెప్పినవాడి వైపు తిరిగి రెండు నిమిషాలు వాదించుకోవాలి.

అప్పుడు వినిపించే మాటలు ఇలా ఉంటాయి. "కరెంటంతా ఆ తీగ లాగేసుకుంటుంది కదరా, మొదటిది మసకబారుద్ది." "తీగలోకి వచ్చే కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? మొదటి బల్బులోంచే కదా రావాలి?" "అవును... మరి?" "రెండో బల్బు దారిలోంచి పోయింది. మొత్తం రెసిస్టెన్స్ సగమైంది. అప్పుడు కరెంటు?" "రెట్టింపు! ఓరి, అయితే ఇది ఇంకా గట్టిగా వెలుగుద్ది." బల్బు రెసిస్టెన్స్ మారదనుకుంటే, ఖర్చయ్యే పవర్ నాలుగు రెట్లు అవుతుందని మూడో అమ్మాయి అందుకుంటుంది. వోల్టేజీ ఎక్కడ ఎంత పడుతుందన్న పాఠం ఆ రెండు నిమిషాల్లో తలకెక్కినంతగా నల్లబోర్డు మీద గంట రాసినా ఎక్కదు. మజూర్ చెప్పే కారణం నాకు నిజమనిపిస్తుంది. ఇప్పుడే నేర్చుకున్న కుర్రాడికి తాను ఎక్కడ తప్పటడుగు వేశాడో ఇంకా గుర్తుంది. ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్న ఆచార్యుడికి ఆ కష్టం గుర్తులేదు.

తెలియనివాళ్ళు నలుగురు కలిస్తే గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టు కాదా అని మరో సందేహం. కొలరాడో విశ్వవిద్యాలయంలో దీన్నే పరీక్షించారు, ఫలితాలు 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మొదట జట్టులో ఒక్కరికీ సరైన జవాబు తెలియకపోయినా, మాట్లాడుకున్నాక అదే విషయం మీద వేసిన కొత్త ప్రశ్నకు చాలామంది సరిగా చెప్పగలిగారు. తెలిసినవాణ్ణి చూసి రాయడమే అయితే ఇది జరిగేది కాదు. ఇక 2014లో సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల బోధన మీద 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, వింటూ కూర్చునే క్లాసుల్లో నూటికి దాదాపు 34 మంది ఫెయిలైతే, విద్యార్థులు చర్చిస్తూ, చేస్తూ నేర్చుకునే క్లాసుల్లో 22 మంది ఫెయిలయ్యారు. ఆ తేడాలో ఉన్న పన్నెండుమందీ మన ఇళ్ళలోని పిల్లలే అనుకుని ఆలోచించండి.

పిల్లలు మొదట ఇష్టపడరు, అది కూడా చెప్పాలి. "సార్ పాఠం చెప్పడం లేదు, మమ్మల్నే చేసుకోమంటున్నారు" అని ఫీడ్‌బ్యాక్‌లో రాస్తారు. హార్వర్డ్‌లోనే 2019లో వచ్చిన ఒక పరిశోధన ఈ ముడి విప్పింది. చురుగ్గా పనిచేసిన క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. చక్కని ఉపన్యాసం వింటుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. తడబడుతూ చేస్తుంటే ఏమీ రానట్టు ఉంటుంది. ఈ సంగతి మొదటి వారంలోనే పిల్లలకు చెప్పేయాలి. ఫీడ్‌బ్యాక్ మార్కులు చూసి అధ్యాపకుణ్ణి మందలించే ప్రిన్సిపాళ్ళకూ ఇది తెలియాలి.

చర్చ ఏ భాషలో జరగాలన్నది చిన్న విషయం కాదు. తెలుగులో జరగనివ్వండి. ఎంట్రోపీ, షియర్ ఫోర్స్, ట్రాన్సిస్టర్ అనే మాటలు ఇంగ్లీషువే ఉంటాయి, వాదన మాత్రం మన భాషలో సాగుతుంది. అర్థమయ్యాక ఇంగ్లీషులో రాసుకోవడం జట్టు పనిలో చివరి మెట్టు కావాలి. ఒకరు రాసింది మరొకరు దిద్దాలి. ఊళ్ళో పదో తరగతిలో మొదటివాడుగా వచ్చి, ఇక్కడ ఆఖరి బెంచీలో మౌనంగా కూర్చున్న పిల్లవాడు నోరు విప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

జట్టు చదువును ఎంత గట్టిగా పట్టుకోవచ్చో చూడాలంటే డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఉంది. 1974లో మొదలైనప్పటి నుంచీ అక్కడ ప్రతి సెమిస్టరులో విద్యార్థులు జట్టుగా ఒక అసలైన సమస్య తీసుకుని ప్రాజెక్టు చేస్తారు. సెమిస్టరులో దాదాపు సగం పని అదే. పరీక్ష కూడా జట్టుగా కూర్చునే ఇస్తారు, గ్రేడు మాత్రం ఎవరిది వారికే. మధ్యలో కొన్నేళ్ళు ప్రభుత్వం జట్టు పరీక్షలను నిషేధించింది, తర్వాత ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

మనకూ కాగితం మీద లోటేమీ లేదు. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారతదేశం పూర్తి సభ్యురాలైంది. నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ ఇంజనీరు కాబోయే విద్యార్థిలో ఉండాలని చెప్పిన లక్షణాల్లో జట్టుగా పనిచేయడం ఒకటి. ప్రతి కాలేజీ కోర్స్ ఫైల్‌లోనూ దానికొక గడి ఉంది. ఆ గడిని క్లాసులో నిజం చేయాల్సిన బాధ్యత మనది.

అందుకు కావలసినవి ఖరీదైనవి కావు. అధ్యాపకులు వచ్చే సెమిస్టరులో ఒక్క సబ్జెక్టులో, వారానికి ఒక్క ట్యుటోరియల్ గంటను దీనికి ఇవ్వండి. జట్టులోని ప్రతివాడూ మిగతావాళ్ళు ఎంత పనిచేశారో రహస్యంగా రాసి ఇవ్వనివ్వండి, జట్టు మార్కును దాన్ని బట్టి ఒక్కొక్కరికి పెంచండి, తగ్గించండి. ఎన్నిసార్లు చెప్పినా పనిచేయని సభ్యుణ్ణి ఆఖరి ప్రయత్నంగా తొలగించే హక్కు కూడా జట్టుకు ఉండాలి. కానీ దాన్ని వాడేముందు మీ దగ్గరికి వచ్చి మాట్లాడాలి.

యాజమాన్యాలను అడిగేది ఇంకా చిన్నది. సాయంత్రం నాలుగున్నరకు బస్సులన్నీ ఒకేసారి బయల్దేరితే డేస్కాలర్ల జట్టు ఎప్పుడు కలుస్తుంది? అందుకే ఈ గంటను టైంటేబుల్లోనే పెట్టండి. వారానికి రెండు రోజులు ఒక బస్సును గంట ఆలస్యంగా పంపండి. అమ్మాయిల హాస్టల్ గేటు వేళకు అడ్డురాకుండా గ్రౌండ్ ఫ్లోర్‌లో రెండు క్లాసు గదులు తాళం వేయకుండా ఉంచండి. బెంచీలు నేలకు బిగించనివై ఉండాలి, నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి కనుక. గోడకు ఇంకో రెండు బోర్డులు, ఒక డబ్బా చాక్‌పీసులు, తిరిగే ఫ్యాన్లు చాలు. అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండనక్కర్లేదు. గత ఏడాది ఆ సబ్జెక్టు పాసైన సీనియర్ ఒకరుండి, జవాబు చెప్పకుండా, "మరి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అడగగలిగితే చాలు.